ఎలుగు గారికి ముందు నీళ్లు

మొన్న కొట్టు అటక దులిపిస్తుంటే పాత దుప్పట్ల మూట వెనకనుంచి ఎలుగుబంటి తల ఒకటి దొర్లుకుంటూ వచ్చి గల్లాపెట్టె పక్కన పడింది. గోనెసంచి మీద పత్తి అంటించి చేసిన తల. ఒక చెవి ఎలుకలు తినేశాయి. మిగిలిన పత్తి గోధుమరంగుకి తిరిగింది. బేరానికొచ్చిన వాళ్లు ఉలిక్కిపడి మెట్ల దాకా వెళ్లారు. మా ఆవిడ మాత్రం చీరలు మడతపెట్టడం ఆపకుండా, "ఏవండీ, మీ తలకాయ కింద పడింది, చూసుకోండి" అంది.

నవ్వబోయి ఆగిపోయాను. తలని ఒళ్లో పెట్టుకుని దుమ్ము దులిపాను. లోపలికి ముక్కు పెట్టి చూశాను. నిమ్మకాయ వాసనేమైనా మిగిలిందేమోనని. ఎక్కడ మిగులుతుంది, ఎలుకల వాసన తప్ప.

ఆ తల చేసింది ఒక టీచర్ గారు. పేరు రాయను. బతికుండగా ఒక్కసారి కూడా ఆవిడని పేరు పెట్టి పిలవలేదు, ఇప్పుడు మొదలుపెట్టడం దేనికి? తొంభైల్లో మా జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న క్లాసులకి పాఠాలూ, వార్షికోత్సవానికి డాన్సులూ చెప్పేవారు. వత్సవాయి నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. పొట్టి మనిషి. చేతిలో ఎప్పుడూ ఒక నల్ల గొడుగు ఉండేది. అది ఎండకీ కాదు, వానకీ కాదు, పిల్లలకి తాళం వెయ్యడానికి. ఎండలో కూడా దాన్ని విప్పగా నేను చూడలేదు. మొన నేల మీద ఠక్కు ఠక్కుమని కొట్టుకుంటూ బజార్లో వస్తుంటే, ఆ చప్పుడు విని నేను తెల్ల పాప్లిన్ తాను పైకీ, రేటు ఇంకాస్త పైకీ సర్దుకునేవాణ్ణి.

మా కొట్లో 'ఆఖరి మాట' అనేది మొదటి మాటకి ఇంకో పేరు. మా నాన్న నేర్పిన విద్య. ఆఖరి మాట అని చెప్పాక కూడా బేరం మూడు మెట్లు దిగుతుంది. టీచర్ గారికి ఆ సంగతి తెలుసు. నేను రేటు చెప్పగానే గొడుగు మొన నేలకి ఆనించి, దాని పిడి మీద గడ్డం పెట్టి, "ఆఖరి మాటేనా శెట్టిగారూ?" అనేవారు.

"ఆఖరి మాటేనండీ."

"అయితే కూర్చుంటా. దిగాక లేపండి."

నిజంగానే కూర్చునేవారు. మిగతా ఖాతాదారుల చీరలకి రంగులు కూడా ఎంచిపెట్టేవారు. నేను దిగే దాకా లేచేవారు కాదు.

ఆ పాప్లిన్ అంతా ఒక సినిమా కోసం. నందిగామలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్లో ఆవిడకి ఒక విదేశీ బొమ్మల సినిమా దొరికింది. అందులో అందరూ పాటలు పాడతారు. మంచు దేశంలో ఒక పిల్ల. ఒక తెల్ల ఎలుగుబంటి. ఆ పిల్ల పాడితేనే ఎలుగు కదులుతుంది. చివర్లో మంచు కరిగే కాలం వస్తుంది. ఎలుగు మంచుండే చోటికి వెళ్లిపోవాలి. వెళ్లిపోతుంది. అంతే కథ. ఈ కథని ప్రతి ఏడూ స్కూలు వార్షికోత్సవానికి పిల్లల చేత ఆడించేవారు. పాటలన్నీ తనే తెలుగులో కట్టుకున్నారు, స్టేజీ మీద మంచులా పరవడానికి నా తెల్ల పాప్లిన్.

"బొమ్మల సినిమా కదండీ, దాన్ని మనుషులతో వెయ్యడం ఏమిటి?" అని ఒకసారి అడిగాను.

ఆవిడ నావంక జాలిగా చూశారు. "పాపం, వాళ్లకి మనుషులు దొరకలేదండీ. అందుకే బొమ్మలు గీసుకున్నారు. మనకున్నారుగా."

"వాళ్లకి మనుషులకేం కరువండీ? మనకన్నా డబ్బున్నోళ్లు."

"డబ్బుంటే మనుషులు దొరుకుతారా శెట్టిగారూ? మీకు తెలియంది కాదు."

నిజమే. అప్పటికి కొట్లో గుమస్తా మానేశాడు, పండగేమో దగ్గర పడుతోంది.

మనుషులున్నారు గానీ మంచు లేదు. మా వైపు పిల్లలకి మంచంటే సోడా కొట్లో రంపపు పొట్టు కింద కప్పిన గడ్డ. అందుకని టీచర్ గారు నాటకంలో ఉన్న పిల్లలందర్నీ నందిగామ ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్లేవారు. చెప్పులు విప్పించి ఒక్కొక్కళ్లనీ గడ్డ మీద నిలబెట్టేవారు. పిల్లలు కేరుమనేవాళ్లు. "ఆ అరుపు కాదు, ఆ కాలు గుర్తుపెట్టుకోండి. కింద పలచగా ఉంది, ఎప్పుడు విరుగుతుందో తెలీదు. అలా నడవాలి" అనేవారు. నేల మీద వట్టికాళ్లతో ఏడాదంతా పరిగెత్తే పిల్లలు స్టేజీ మీద అడుగు తీసి అడుగు వేస్తుంటే ముందు వరసలో వాళ్లు కాళ్లు పైకి ముడుచుకుని కూర్చునేవాళ్లు.

అసలు చిక్కల్లా ఎలుగుతో వచ్చింది. ఎలుగు వేసేవాడి మొహం కనపడదు. మా ఊళ్లో వార్షికోత్సవమంటే వీడియో. లైటు పట్టుకుని ఒకడు, కెమెరా భుజాన వేసుకుని ఒకడు స్టేజీ ముందు అడ్డంగా నిలబడతారు. తర్వాత ఆ క్యాసెట్టు చుట్టాలందరి ఇళ్లకీ తిరుగుతుంది. అందులో మొహం కనపడని వేషానికి బిడ్డనెవరిస్తారు? ఒక ఏడాది ఎత్తుగా ఉన్న పదో తరగతి పిల్లాడు ఒప్పుకున్నాడు. తీరా ఆ రోజు మధ్యాహ్నం వాళ్ల నాన్న, మా పక్క వీధిలో విత్తనాల కొట్టాయన, స్కూలుకొచ్చి పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

"ఏడాదంతా ఫీజు కట్టి, వీడియోలో మావాడి మొహం లేకపోతే మా బావమరిదికేం చూపించనండీ? ఆ గోనెసంచిలో ఎవడుంటే ఏంటి?"

టీచర్ గారు అక్కణ్ణుంచి తిన్నగా మా కొట్టుకొచ్చారు. ఆ రోజు గొడుగు చప్పుడు కాలేదు. చంకలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"శెట్టిగారూ, కాస్త లేచి నిలబడతారా?"

"దేనికండీ?"

"ముందు నిలబడండి."

గద్దె మీద కూర్చున్న వ్యాపారిని పొద్దుగూకే దాకా లేపడం కష్టం. ఎందుకో లేచాను. నా మీటరు బద్దే తీసుకుని నన్నే కొలిచారు. భుజాలు చూశారు. పొట్ట దగ్గరకొచ్చేసరికి ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఎలుగు గారికి సరిగ్గా ఇంతే పొట్ట ఉండాలి. దేవుడే చూపించాడు!"

ఆవిడ ఎలుగుబంటిని 'గారు' లేకుండా ఎప్పుడూ అనేవారు కాదు.

నేను బేరానికి దిగాను. వయసన్నాను, మోకాళ్లన్నాను, సాయంత్రం గిరాకీ అన్నాను. అన్నిటికీ తలూపారు, కూర్చోలేదు. చివరికి నా ఆఖరి మాట చెప్పాను. "లోపల ఉన్నది నేనని బయటికి పొక్కకూడదు. బజార్లో తెలిసిందంటే రేపు నేను చెప్పిన రేటు ఒక్కడు కూడా వినడు."

"నా ప్రాణం పోయినా చెప్పను" అన్నారు.

అలా పాప్లిన్ కొనడానికొచ్చే మనిషికి నన్ను నేనే ఊరికే కట్టబెట్టుకున్నాను. మా నాన్న వింటే కొట్టుకి తాళం వేసేవాడు.

వత్సవాయి వైపు పత్తి మిల్లు నుంచి తెచ్చిన పత్తి అది. అక్కడక్కడ గింజలతోనే అంటించారు. లోపల మెడ గీరుకుపోతుంది. గోనె వాసన. చెమట కళ్లలోకి కారుతుంది, తుడుచుకుందామంటే చేతులకి పంజాలు. నోటి దగ్గర చిన్న కంత. దాంట్లోంచి నాకు కనిపించేది ఒకటే, తెర పక్కన టీచర్ గారి గొడుగు మొన. అది ఠక్కుమంటే అడుగు. ఠక్కుమంటే ఆగు. చివర్లో ఎలుగు వెళ్లిపోయేటప్పుడు పాట ఒకటుంది:

పోతున్నా పోతున్నా మంచు పోయే చోటికి
మళ్లీ రమ్మని అనకు, అంటే ఆగిపోతా

ఆ పాటకి వెనక్కి తిరక్కుండా పోవాలి. "వీపుతో ఏడవాలండీ, మొహం లేదుగా" అని చెప్పారు నాకు. రెండోసారి నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. చీరలు బాగాలేవని వెళ్లిపోయే ఖాతాదారు వీపు నాకు తెలుసు. అలా నడిచాను.

తెర పక్కకి రాగానే పిల్లలు మూగారు. అవతల మైకులో స్కూలు యజమాని టీచర్ గారిని సన్మానానికి రమ్మని పిలుస్తున్నాడు. ఆవిడ గొడుగుతో అందర్నీ పక్కకి తోసుకుంటూ వచ్చి, "జరగండి, జరగండి. లోపలున్నోళ్లకి ముందు" అని, నన్ను తెర వెనక గదిలోకి నెట్టి తలుపేసి, తల పైకెత్తి, నిమ్మకాయ పిండి ఉప్పేసిన నీళ్లు నా నోట్లో పోశారు. మైకులో మళ్లీ పిలిచారు. మళ్లీ. నేను గ్లాసు ఖాళీ చేశానని చూసుకున్నాకే కొంగు సర్దుకుని స్టేజీ ఎక్కారు.

ఆ ఒక్క ఏడాదికే అనుకున్నాను. పైఏడు కూడా విత్తనాల కొట్టాయన లాంటి నాన్నలే అందరూ. ఆ పైఏడూ అంతే. కొన్నాళ్లకి ఆవిడ అడగడం మానేశారు, నేను బేరమాడటం మానేశాను. వార్షికోత్సవం రాత్రి నేను ఇంటికెళితే మా ఆవిడ మెడకి వెన్న రాస్తూ, "మంచు దేశంలో ఎండలెలా ఉన్నాయండీ?" అనేది.

నందిగామలో ఒక కళ్యాణ మండపంలో స్కూళ్లన్నిటికీ పోటీలు పెట్టిన ఏడాది ఒకటి మర్చిపోలేను. సరిగ్గా వెళ్లిపోయే పాట మొదలవగానే కరెంటు పోయింది. టేపు రికార్డరు గొణిగి ఆగింది. జనం ఈలలు. స్టేజీ మీద పిల్ల వేషం వేసిన అమ్మాయి భయపడి నా పత్తి చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు కంతలోంచి గొడుగు కూడా కనిపించడం లేదు. అప్పుడు తెర పక్కనుంచి ఆవిడ పాడటం మొదలెట్టారు. ఆదివారాలు చర్చిలో ముందు నిలబడి పాటెత్తుకునే గొంతు అది, మైకు అక్కర్లేదు. గొడుగు నేల మీద ఠక్కు ఠక్కుమంటోంది. ఈలలు ఒక్కొక్కటే ఆగాయి. ఆ పిల్ల చెయ్యి వదిలింది. నేను నడిచాను. కరెంటు వచ్చేసరికి నేను స్టేజీ మీద లేను, ఆ పిల్ల ఒక్కతే నిలబడి నిజంగా ఏడుస్తోంది. జనం చప్పట్లు కొట్టడం మర్చిపోయారు. బహుమతి మాత్రం జానపద నృత్యానికిచ్చారు.

"బొమ్మలకి కరెంటు పోతే ఆగిపోవాల్సిందేగా" అన్నారు ఆవిడ, నా నోట్లో నీళ్లు పోస్తూ.

రెండువేలు దాటాక స్కూలు చేతులు మారింది. కొత్తవాళ్లు వార్షికోత్సవం తీసేసి, ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలతో గోడ పొడుగునా బ్యానర్లు కట్టారు. ఆ ఏడాది కూడా టీచర్ గారు అలవాటు చొప్పున కొట్టుకొచ్చారు. నేను అలవాటు చొప్పున పాప్లిన్ తాను దింపాను. చేత్తో నిమిరారు.

"మనుషులు లేరండీ ఈసారి" అన్నారు.

"అంతమంది పిల్లలున్నారుగా."

"పిల్లలున్నారు. స్టడీ అవర్లో ఉన్నారు."

రేటు అడగలేదు. నేనే ఉండబట్టలేక ఒక రేటు చెప్పాను. అడక్కుండానే ఇంకా దింపాను. ఆవిడ నవ్వి, "మీరిలా దిగితే నాకు భయమేస్తోంది శెట్టిగారూ" అని వెళ్లిపోయారు. వెళ్తుంటే ఆ వీపు చూశాను. నాకు నేర్పిన నడకే అది. మర్నాడు స్కూలు సామాన్ల గదిలోంచి ఎలుగు తల తెచ్చి ఇచ్చారు. కొత్తవాళ్లు పారేస్తున్నారట. అమ్ముడుపోని సరుకుతో పాటు అటకెక్కించాను.

తర్వాత కొన్నేళ్లు నందిగామలో ఏదో చిన్న స్కూల్లో చెప్పారని విన్నాను. బజార్లో గొడుగు చప్పుడు లేదు.

మళ్లీ వచ్చినప్పుడు తల చుట్టూ స్కార్ఫు కట్టుకుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. విజయవాడలో వైద్యం జరుగుతోందని చెప్పి, ఆ మాట అక్కడితో వదిలేసి, సంచిలోంచి పేపరు తీశారు. "చిన్న అక్షరాలు ఆనడం లేదు. ఇది కాస్త చదవండి. మన సినిమా గురించేనంట."

సినిమా పేజీలో వార్త. ఆ పాత బొమ్మల సినిమానే ఇప్పుడు నిజం మనుషులతో మళ్లీ తీశారు. తెలుగులో కూడా వదులుతున్నారు. నేను చదువుతుంటే ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు.

"చూశారా? ఇన్నాళ్లకి వాళ్లకీ మనుషులు దొరికారు!"

వార్త ఇంకా ఉంది. పిల్ల వేషం ఎవరో నిజం పిల్లే వేసింది గానీ, ఎలుగుబంటిని మాత్రం మొత్తం కంప్యూటర్లోనే చేశారని ఆఖరి పేరాలో రాశారు. బట్టలో మచ్చ ఉంటే ఆ వైపు లోపలికి మడిచి చూపించడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. పేపరు అక్కడికి మడిచి ఇచ్చేశాను.

"ఎలుగు గారిని ఎవరు వేశారో చూడాలండీ. అడుగు ఎలా వేస్తాడో. అదొక్కటి చూస్తే చాలు" అన్నారు. చాలు అన్నమాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఎప్పుడూ ఇంకో మీటరు కావాలనే మనిషి.

హోల్‌సేల్ సరుకుకి వెళ్తున్నానని నేను, ఆసుపత్రికి వెళ్తున్నానని ఆవిడ, ఒకే విజయవాడ బస్సెక్కాం. ఆసుపత్రిలో పని అయ్యాక హాలుకి వెళ్లాం. సగం సీట్లు ఖాళీ. ఆవిడ ఒళ్లో నిమ్మకాయ నీళ్ల సీసా. గొడుగు కాళ్ల మధ్య నిలబెట్టుకున్నారు. పిల్ల కనిపించినప్పుడు తలూపారు. పాటలు వచ్చినప్పుడు, అవి ఎవరో కట్టిన కొత్త పాటలు, పెదవులతో తన పాటలే పాడుకున్నారు. ఎలుగు వచ్చింది. మంచు మీద అడుగు తీసి అడుగు వేస్తూ, అచ్చం ప్రాణమున్నట్టే. నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"అడుగు చూడండి! కింద పలచగా ఉందని తెలుసు ఆయనకి."

"అవునండీ."

"మీకన్నా బాగా వేస్తున్నాడు."

"ఒప్పుకుంటానండీ."

కాసేపటికి, "లోపల ఎవరండీ?"

తెర మీద ఎలుగు మంచులో బొర్లుతోంది. ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా ఊగుతోంది. గింజ లేదు, గోనె లేదు, కంత లేదు.

"ఎవరో పెద్ద నటుడేనండీ. పేరు నోరు తిరగదు."

"ఎంత ఉక్కగా ఉందో పాపం. నీళ్లిస్తారంటారా?"

"అక్కడ అన్నీ ఉంటాయండీ."

"ముందిస్తారా?"

"ముందే ఇస్తారు."

గొడుగు పిడి మీద గడ్డం ఆనించి నావైపు తిరిగారు. తెర వెలుతురులో ఆ మొహం చాలా చిన్నగా ఉంది. "ఆఖరి మాటేనా శెట్టిగారూ?"

"ఆఖరి మాటేనండీ."

పిడి మీంచి గడ్డం ఎత్తకుండా నాకేసే చూశారు. మెట్టు దిగుతానేమోనని కాబోలు. దిగలేదు.

"మొదటి మాట మీద మీరు నిలబడటం ఇదే చూడటం" అన్నారు. అని, తెర వైపు తిరిగి, సినిమా అయ్యే దాకా ఇంకేం అడగలేదు. లైట్లు వేశాక సీసా మూత తీసి నా చేతికిచ్చారు. "తాగండి. ఎక్కడివాళ్లకి అక్కడ ఇస్తారు. నా దగ్గరున్నోళ్లకి నేనివ్వాలిగా."

ఆ వేసవిలోనే పోయారు. కబురు విని వత్సవాయి వెళ్లాను. ఇంటి ముందు టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, పెట్టెలో ఆవిడ. తెల్ల చీర. గొడుగు పక్కనే పెట్టారు, ఎవరికో ఆ బుద్ధి పుట్టింది. ఎవరో వచ్చి, "మీరెవరి తాలూకండీ?" అని అడిగారు. "జగ్గయ్యపేట బట్టల కొట్టు. టీచర్ గారు మా దగ్గర గుడ్డ కొనేవారు" అన్నాను. బాకీకి వచ్చాననుకున్నారేమో, కాస్త దూరంగానే కుర్చీ వేశారు.

ఒకమ్మాయి అందరికీ మంచినీళ్లు ఇస్తోంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. చూడగానే గుర్తుపట్టాను. నందిగామ స్టేజీ మీద నా చెయ్యి పట్టుకుని వదలని పిల్ల. ఇప్పుడు నందిగామలోనే బ్యాంకులో ఉద్యోగమట. నాకు గ్లాసిచ్చి, కొట్టు పేరు విని, పక్కన కూర్చుంది.

"అయితే మీకు తెలిసే ఉంటుంది అంకుల్. మా నాటకంలో ఎలుగు ఎవరో తెలుసా మీకు? టీచర్ని ఎన్నిసార్లడిగానో. మొన్న ఆసుపత్రిలో కూడా అడిగా. మాటిచ్చానే, చెప్పకూడదు అన్నారు."

గ్లాసు నా చేతిలో అలాగే ఉంది.

"నేనేనమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి నా పంచె చూసింది. నా పొట్ట చూసింది. అంత ఏడుపులోనూ ఫక్కున నవ్వింది. "మీరా! ఊరుకోండి అంకుల్. ఆ ఎలుగు ఎంత బాగా నడిచేదో మీకు తెలీదు. నవ్వించడానికి అంటున్నారు, థాంక్సండీ" అని కళ్లు తుడుచుకుని మిగతా గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది.

ముప్పొద్దులా అబద్ధాలు అమ్ముకునేవాణ్ణి. ఒక్క నిజం చెబితే చెల్లలేదు. అవునని చెప్పాల్సిన ఒకే ఒక్క మనిషి పెట్టెలో ఉంది.

ఎండ నడినెత్తి మీదకొచ్చింది. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. నలుగురు మూత పట్టుకొచ్చి పెట్టె మీద పెట్టారు. మేకులు కొడుతున్నారు, ఠక్కు ఠక్కుమని. అందరూ తలలు వంచుకున్నారు. నేనూ వంచాను. నాకు ప్రార్థనేం రాదు. లోపల ఎంత ఉక్కగా ఉందో, జరగండి, ముందు ఆవిడకి నీళ్లివ్వండి అని అరవబోయి, తాగని గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను.